ప్రముఖుల జాబితాలో లేని 1034 మంది

విజయనగరం గురించి ఎవరు రాసినా ఒక జాబితాతో మొదలుపెడతారు. గురజాడ అప్పారావు, ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామి నాయుడు, కోడి రామ్మూర్తి నాయుడు, చాసో. మహారాజా వారి సంగీత కళాశాలలో చదువుకున్నాడు కాబట్టి ఘంటసాల. ప్రత్యేక సంచికల్లో, సభల్లో, బడిపిల్లల వ్యాసరచన పోటీల్లో ఈ వరస పెద్దగా మారదు. చివర్లో మాత్రం ఒక వాక్యం ఉంటుంది: ప్రసిద్ధ గాయని పి. సుశీల కూడా ఈ ఊరి ఆడపడుచే అని.

ఆ 'ఆడపడుచు' అన్న మాట దగ్గర కొంచెంసేపు ఆగాలి. నారాయణదాసు హరికథా పితామహుడు. గురజాడ యుగకర్త. రామ్మూర్తి కలియుగ భీముడు. మగవాళ్ళకి ఊరు బిరుదులిస్తుంది, ఆడమనిషికి చుట్టరికం ఇస్తుంది. ఆడపడుచంటే పుట్టింట్లో పుట్టి మరో ఇంటికి వెళ్ళిపోయిన మనిషి. పండక్కి పిలిచి పసుపు కుంకుమలిచ్చి పంపించవలసిన మనిషి. ఇల్లు మాత్రం ఆమెది కాదు.

తమాషా ఏమిటంటే, పైన చెప్పిన పేర్లన్నిటిలో విజయనగరంలో పుట్టింది సుశీల ఒక్కరే. గురజాడ పుట్టింది యలమంచిలి ప్రాంతంలోని రాయవరంలో. నారాయణదాసుది అజ్జాడ. ద్వారం బెంగళూరులో పుట్టారు. రామ్మూర్తిది వీరఘట్టం. ఘంటసాల గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టాడు. చాసో శ్రీకాకుళంలో పుట్టి విజయనగరానికి దత్తత వచ్చారు. వీళ్ళందరూ వచ్చినవాళ్ళు. వచ్చి ఆ ఊరివాళ్ళయ్యారు. అందులో తప్పేమీ లేదు, ఏ ఊరైనా అలాగే పెరుగుతుంది. కానీ మగవాడు ఎక్కడినుంచో వచ్చి చదువు వల్లో, ఉద్యోగం వల్లో, దత్తత వల్లో ఊరివాడైపోగలడు. ఆడది అక్కడే పుట్టి, పెళ్ళై వెళ్ళిపోయి, ఇంటిపేరు మార్చుకుని ఆ ఊరి లెక్కలోంచి జారిపోతుంది. అత్తవారి ఊరికి చేరాక అక్కడి లెక్కలోకి ఎక్కుతుందా అంటే అదీ లేదు. అక్కడ ఆమె ఫలానావారి కోడలు. ఇలా రెండు ఊళ్ళ మధ్య ఎంతమంది కనబడకుండా పోయారో అని ఆలోచిస్తే, 'ప్రముఖులు' అన్న మాటే అనుమానంగా కనిపించడం మొదలవుతుంది. ప్రముఖులెవరు అనే ప్రశ్నకంటే ముందు, ఊరికి చెందడమంటే ఏమిటి అనే ప్రశ్న వేసుకోవాలి.

విజయనగరానికి సంబంధించి ఇంకో జాబితా ఉంది. అది ప్రముఖులది కాదు. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' తొలి కూర్పుకి ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో గురజాడ దాని సంగతి చెప్పారు. అప్పటికి సుమారు పదేళ్ళ క్రితం మహారాజా ఆనంద గజపతి, మూడేళ్ళ కాలంలో విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల లెక్క తీయించారు. ఇప్పటి విజయనగరం అప్పట్లో ఆ జిల్లాలోదే. లెక్కకొచ్చిన పెళ్ళిళ్ళు 1034. అంటే ఏడాదికి సగటున 344. పెళ్ళికూతుళ్ళలో ఐదేళ్ళ వాళ్ళు 99 మంది, నాలుగేళ్ళ వాళ్ళు 44, మూడేళ్ళ వాళ్ళు 36, రెండేళ్ళ వాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. పుట్టని బిడ్డలకి కూడా బేరాలు కుదిరేవని గురజాడ రాశారు.

కూడి చూస్తే ఐదేళ్ళు, అంతకంటే తక్కువ వయసున్న వాళ్ళే 188 మంది. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడానికి జనం ఇష్టపడరు కాబట్టి లెక్క పూర్తిది కాదని కూడా గురజాడే చెప్పారు. అంటే ఆ లెక్క నిండింది ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ ఒప్పుకున్నంతమేరకే. అమ్ముడుపోయిన పిల్లల్ని అడగడమనే ప్రసక్తి లేదు. మూడేళ్ళ పిల్లని ఏమడుగుతారు? ముందుమాట ద్వారా మనదాకా వచ్చింది వయసు, ధర, మొత్తం. పేరు లేదు.

ఈ అంకెల్ని సాహిత్య విద్యార్థులందరం చదువుతాం. నాటకానికి నేపథ్యం అని చదివి పక్కన పెడతాం. పరీక్షలో 'కన్యాశుల్కం రచనా నేపథ్యం' అని ప్రశ్న వస్తే 1034 అని రాస్తే ఒక మార్కు. ఆ తర్వాత ఆ పిల్లలేమయ్యారని ఏ పాఠమూ అడగదు. అడగాల్సిన పని లేకుండా జవాబు నాటకంలోనే ఉంది. ముసలివాళ్ళకి కట్టబెట్టిన పిల్లలు పెద్దమనుషులయ్యేలోగానే విధవలవుతారు. బుచ్చమ్మలాగా పుట్టింట్లో ఒక మూల పడి ఉంటారు. మీనాక్షిలాగా అందరి నోళ్ళలోనూ పడతారు. ఏ దిక్కూ లేకపోతే పూటకూళ్ళమ్మలాగా పదిమందికి వండిపెట్టి బతుకుతారు. సుబ్బి, బుచ్చమ్మ, మీనాక్షి, పూటకూళ్ళమ్మ వేరువేరు పాత్రలు కారు. ఒకే ఆడపిల్ల బతుకులో వేరువేరు వయసులు. జాబితాలో ఐదేళ్ళ దగ్గర ఆగిపోయిన 99 మందిని నాటకం అరవై ఏళ్ళదాకా నడిపించి చూపిస్తుంది. గురజాడ గొప్పతనం నాకు ఇక్కడ కనిపిస్తుంది.

అదే నాటకం తన కాలపు హద్దుల్ని కూడా చూపిస్తుంది. లుబ్ధావధాన్లకి అమ్మడానికి పెళ్ళికూతురి వేషం వేసేది కరటకశాస్త్రి శిష్యుడు, ఒక మగపిల్లవాడు. సుబ్బిని తప్పించడానికి అదొక ఉపాయం, నవ్వొచ్చే ఉపాయం. అయితే 1892 ఆగస్టులో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వాళ్ళు ఈ నాటకం మొదటిసారి ఆడిననాటికి, మన నాటక సమాజాల్లో ఆడవేషాలు సాధారణంగా మగవాళ్ళే వేసేవాళ్ళు. ఆడవాళ్ళ దుఃఖం గురించిన నాటకం మగవాళ్ళు రాసి, మగవాళ్ళు ఆడి, ముఖ్యంగా మగవాళ్ళు చూసి మెచ్చుకున్నారు. అందుకని నాటకం విలువ తగ్గదు. ఎవరి సంగతి ఎవరు మాట్లాడుతున్నారన్నది మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

ఇక మధురవాణి. విజయనగరం అనగానే గుర్తొచ్చే స్త్రీ ఎవరని అడిగితే చాలామంది చెప్పే పేరు ఆమెదే. లేని మనిషి. 1909లో పెంచి, తిరగరాసిన రెండో కూర్పులో నాటకమంతా ఆమె చేతిమీదే నడుస్తుంది. 1955లో సినిమాగా తీసినప్పుడు సావిత్రి ఆ వేషం కట్టింది. మధురవాణి తెలివి మీద, చమత్కారం మీద, మానవత్వం మీద వచ్చినన్ని వ్యాసాలు ఏ నిజమైన తెలుగు కళావంతురాలి మీదా రాలేదు.

ఆ సంవత్సరాల్నే ఇంకోవైపు నుంచి చూద్దాం. నాటకం మొదటి ప్రదర్శన జరిగిన మరుసటి ఏడాది, 1893లో, మద్రాసులో సంఘ సంస్కర్తలు భోగం మేళాలు జరిగే వేడుకలకి వెళ్ళొద్దని వైస్రాయికీ గవర్నరుకీ విజ్ఞాపన ఇచ్చారు. అటువైపు వీరేశలింగం గారు అదే ఉద్యమాన్ని నడిపారు. మధురవాణి రెండో కూర్పులో అచ్చయిన మరుసటి ఏడాది, 1910లో, బెంగుళూరు నాగరత్నమ్మ అనే నిజమైన కళావంతురాలు, తంజావూరు ఆస్థానంలోని ముద్దుపళని రాసిన 'రాధికాసాంత్వనం' కావ్యాన్ని పరిష్కరించి పూర్తిపాఠంగా అచ్చు వేయించింది. దాన్ని బూతు అన్నారు. 1911లో ప్రభుత్వం నిషేధించింది. మగవాడి కలంలోంచి వచ్చిన వేశ్య నాటకానికి నాయిక అయింది. వేశ్యాకులంలో పుట్టిన ఇద్దరు స్త్రీల కృషి, ఒకరు రాసి ఒకరు పరిష్కరించినది, పోలీసు కేసు అయింది. ఆ నిషేధం 1947లో తొలగింది. అదే 1947లో మద్రాసు శాసనసభ దేవదాసీ నిషేధ చట్టం చేసింది. పుస్తకం విడుదలైంది, వృత్తి మూతపడింది.

ఆ చట్టం అక్కర్లేదని నేననడం లేదు. ఆ వ్యవస్థలో చిన్నపిల్లల బతుకులు నలిగిపోయాయి. చట్టం కోసం పోరాడిన ముత్తులక్ష్మీ రెడ్డి తల్లి కూడా ఆ కులంలో పుట్టినామే. కాకపోతే సంస్కరణ నడిచిన తీరులో, కళావంతులరాలు మాట్లాడేందుకు చోటు మిగల్లేదు. ఆమె తరఫున మాట్లాడటానికి మధురవాణి ఉంది కదా అని అందరం సర్దుకున్నాం. ఒక గొప్ప పాత్ర నిజం మనుషుల్ని కప్పేయడం కూడా జరుగుతుంది.

గురజాడ చుట్టూ ఉన్న నిజమైన స్త్రీలలో ఒకామె పేరు చరిత్రలో మిగిలింది. ఆనంద గజపతి చెల్లెలు, రీవా మహారాణి అప్పలకొండమాంబ. 1897లో ఆనంద గజపతి పోయాక గురజాడ ఆమెకి ఆంతరంగిక కార్యదర్శి అయ్యారు. సంస్థానం వారసత్వ వివాదం నడిచిన రోజులవి. దిద్దుబాటు, ముత్యాలసరాలు, కన్యాశుల్కం రెండో కూర్పు, ఇవన్నీ వచ్చింది ఆయన ఆమె కొలువులో ఉన్న కాలంలోనే. అయినా తెలుగు సాహిత్య చరిత్రలో 'పోషకుడు' అంటే ఆనంద గజపతే. నాటకం అంకితమిచ్చింది ఆయనకే కాబట్టి అది సహజమే. అప్పలకొండమాంబ మాత్రం గురజాడ జీవిత వివరాల్లో 'రీవారాణి' అనే ఉద్యోగ వివరంగా మిగిలిపోయింది. ఫలానా ఏడాది నుంచి ఫలానా ఏడాది దాకా రీవారాణి దగ్గర పనిచేశారు, అంతే. ఆమె ఏం చదివేది, ఆయనతో ఏం మాట్లాడేది, ఆస్తి కోసం కోర్టుకెక్కిన రాచకుటుంబపు స్త్రీకి లోకం ఎలా కనిపించేది అన్నవాటి మీద ఒక పుస్తకానికి సరిపడా ప్రశ్నలున్నాయి. సంస్థానం దస్త్రాలూ గురజాడ డైరీలూ ఉత్తరాలూ ఈ ప్రశ్నలతో మళ్ళీ చదవాలి. మహారాణి పరిస్థితే ఇదైతే మామూలు ఆడవాళ్ళ మాట చెప్పాలా?

సంగీతం వైపు రండి. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు. నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలు. 1936లో ఆయన తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు ఆ కుర్చీలోకి వచ్చారు. ఆ కళాశాలలో చదువుకోడానికి వచ్చిన ఘంటసాల కొన్నాళ్ళు మధూకరం ఎత్తుకుని బతికాడన్నది అందరూ చెప్పే కథ. ఆ కథ వినగానే ఆయన పట్టుదలకి కళ్ళు చెమరుస్తాయి. కానీ మధూకరం అంటే ఇంటింటికీ వెళ్ళి అన్నం అడిగి తెచ్చుకోవడం. అన్నం పెట్టింది ఎవరు? ప్రతి గుమ్మంలోనూ ఒక ఆడమనిషి నిలబడి, తమ ఇంటి కుండలోంచి ఒక ముద్ద తీసి ఆ కుర్రాడి జోలెలో వేసి ఉంటుంది. ఆ ఊరు సంగీతానికి చేసిన పోషణలో రాజుగారి ఖజానా ఒక భాగం, ఆ ముద్దలు ఒక భాగం. ఖజానాకి లెక్కలుంటాయి, ముద్దలకి ఉండవు.

సుశీల 1935లో పుట్టారు. తండ్రి వకీలు. అదే సంగీత కళాశాలలో చదివి, మద్రాసు వెళ్ళి, 1953లో 'కన్నతల్లి' సినిమాతో తెలుగులో పాడటం మొదలుపెట్టారు. సినిమా నేపథ్యగాయనిగా జాతీయ బహుమతి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, 1968 సంవత్సరానికిగాను అది మొదట అందుకున్నది ఆమే. 2008లో పద్మభూషణ్ వచ్చింది. 2016లో 17,695 పాటలతో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కారు. ఇంత చేసిన మనిషి కూడా జాబితా చివర 'ఆడపడుచు'గానే ఉన్నారు. ఇక్కడ ఇంకో విషయం ఆలోచించాలి. కళావంతుల మేళాలు మూతపడుతున్న రోజుల్లోనే 'మంచి కుటుంబాల' ఆడపిల్లలు పాటకి వచ్చారు. నేపథ్యగానం దానికి సరిగ్గా కుదిరింది. పాడే మనిషి కనిపించదు, గొంతు ఒక్కటే వినిపిస్తుంది. ఎదురుగా కూర్చుని పాడే స్త్రీని భరించలేని సంఘం, తెర వెనక గొంతుని నెత్తిన పెట్టుకుంది. ఆ సందులోంచి సుశీల లాంటి వాళ్ళు తమ ప్రతిభతో ఒక లోకాన్నే నిర్మించుకున్నారు. అది వాళ్ళ ఘనత. ఆ సందు ఎందుకంత ఇరుకుగా ఉందన్నది మనం వేసుకోవాల్సిన ప్రశ్న.

సందు దొరకని వాళ్ళ కథ చాసో రాశారు. 'వాయులీనం' కథలో రాజ్యం వాయులీనం నేర్చుకున్న ఆడపిల్ల. సంసారంలో పడ్డాక వాద్యం మూలపడుతుంది. ఆమెకి జబ్బు చేస్తే, ఆ ఖర్చుల్లో చివరికి ఆ వాద్యమే అమ్ముడవుతుంది. భర్త దుర్మార్గుడు కాదు, ప్రేమ ఉన్నవాడే. అందుకే ఆ కథ అంత బాధపెడుతుంది. ద్వారం వారి ఊళ్ళో కూర్చుని ఈ కథ రాయడంలో ఉన్న అర్థం నాకు ఆలస్యంగా తట్టింది. ఊరంతా వాయులీనానికి పేరు మోసినప్పుడు, ఒక ఇంట్లో ఒక వాయులీనం నిశ్శబ్దంగా గడప దాటిపోయింది. 'కుంకుడాకు'లో ఆకులేరుకునే గవరమ్మనీ ఆయనే చూశారు.

చాసో గారి అమ్మాయి చాగంటి తులసి. ఎప్పుడూ ఆమెని ఇలాగే పరిచయం చేస్తారు, నేనూ ఇప్పుడు అదే చేశాను. కానీ ఆమె తనంత తాను కథలు రాసిన రచయిత్రి. రాహుల్ సాంకృత్యాయన్ 'ఓల్గా నుంచి గంగకు' తెలుగులో చదువుకున్న తరాలకి ఆమె అనువాదకురాలు. ద్వారం గారి కూతురు మంగతాయారు కూడా అంతే. తండ్రి దగ్గర నేర్చుకుని తానూ వాయులీన విద్వాంసురాలై నిలిచింది. కొడుకులు వారసులవుతారు, కూతుళ్ళు కూతుళ్ళుగానే ఉండిపోతారు.

ఇంతకీ విజయనగరంలో అందరికంటే ఎక్కువమంది తలుచుకునే స్త్రీ ఎవరంటే పైడితల్లి అమ్మవారు. ఆమె పెద విజయరామరాజు చెల్లెలని ఐతిహ్యం. 1757 జనవరిలో ఆయన ఫ్రెంచి సేనాని బుస్సీతో కలిసి బొబ్బిలి మీదికి వెళ్ళాడు. యుద్ధం వద్దని చెల్లెలు బతిమాలిందని, అన్న వినలేదని చెప్తారు. బొబ్బిలి కోట పడిపోయేముందు అక్కడి స్త్రీలనీ పిల్లల్నీ వాళ్ళ మగవాళ్ళే, శత్రువు చేతికి చిక్కకూడదని, చంపేశారు. కొద్దిరోజులకే తాండ్ర పాపారాయుడి చేతిలో విజయరామరాజు హతుడయ్యాడు. అన్న చావు విని చెల్లెలు ప్రాణం విడిచి, పెద్దచెరువులో విగ్రహమై దొరికిందని కథ. ఏటా దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను ఊరేగుతుంది. కోట దాకా మూడుసార్లు వెళ్ళొస్తుంది. మాను చివర ఆసనం మీద అమ్మవారి ప్రతిరూపంగా కూర్చునేది పూజారి, మగవాడు.

లక్షలమంది మొక్కే ఆ కథలో నాకు కనిపించేది యుద్ధం వద్దన్న ఒక ఆడపిల్ల. బతికుండగా ఆమె మాట వినలేదు. చచ్చిపోయాక దేవతని చేసి ఆమె చుట్టూ తిరుగుతున్నారు. బొబ్బిలివైపు రాణి మల్లమ్మకి దక్కిన కీర్తి కూడా చావు వల్ల వచ్చిందే. దేవత కావచ్చు, నాటకంలో నాయిక కావచ్చు, జాబితాలో అంకె కావచ్చు, తెర వెనక గొంతు కావచ్చు. మామూలు మనిషిగా, తన పేరుతో, తన పనితో ఊరి చరిత్రలో ఉండటానికి మాత్రం ఆడదానికి దారి దొరకలేదు.

దారి వెయ్యడం తెలీక కాదు. 'కన్యాశుల్కం' తొలి కూర్పు వచ్చిన నాలుగేళ్ళకే, 1901లో, భండారు అచ్చమాంబ 'అబలా సచ్చరిత్ర రత్నమాల' పేరుతో స్త్రీల జీవిత చరిత్రలు వెలువరించింది. 1902లో ఆమె రాసిన 'ధనత్రయోదశి' గురజాడ 'దిద్దుబాటు' కంటే ఎనిమిదేళ్ళు ముందుది. తొలి తెలుగు కథ ఏదన్న చర్చలో అది చేరడానికి దశాబ్దాలు పట్టింది. చిన్న వయసులోనే చనిపోయిన ఆ మనిషి, స్త్రీల చరిత్రని స్త్రీలే ఏరి కూర్చుకోవాలని నూరేళ్ళ కిందటే చేసి చూపించింది. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు వాళ్ళ నోటితోనే చెప్పించి రాసుకున్నప్పుడు జరిగింది ఆ పనే.

ఉత్తరాంధ్రలో ఆ పని ఇంకా చాలా మిగిలి ఉంది. విజయనగరం, శ్రీకాకుళం ఊళ్ళలో పాత ఇళ్ళ దస్తావేజులున్నాయి, బడి రిజిస్టర్లున్నాయి, సంగీత కళాశాల హాజరుపట్టీలుంటాయి, గుళ్ళలో మాన్యాల కాగితాలుంటాయి. వాటికంటే ముందు, అమ్మమ్మలూ నాయనమ్మలూ ఉన్నారు. తమ అమ్మమ్మ పేరేమిటని, ఏ ఊరినుంచి ఎన్నో ఏట ఈ ఊరొచ్చిందని, ఆమెకి ఏ పని బాగా వచ్చని వాళ్ళని అడిగి రాసుకోవచ్చు. శుల్క వివాహాల లెక్క తీసిన కాలానికీ మనకీ మధ్య ఉన్నది నాలుగైదు తరాలే. ఐదేళ్ళకి అమ్ముడుపోయిన ఆ 99 మందిలో బతికి బట్టకట్టినవాళ్ళ మునిమనవరాళ్ళు ఇవాళ ఎక్కడో కాలేజీల్లో పాఠాలు చెప్తూ ఉంటారు, ఆస్పత్రుల్లో పనిచేస్తూ ఉంటారు, బహుశా ఈ పత్రిక చదువుతూ ఉంటారు. 1034లో ఒక్క పేరు తిరిగి దొరికినా, ఆ ఊరి ప్రముఖుల జాబితాలో మొదట రాయాల్సింది ఆ పేరే.